అరవై దాటాక కోపెన్‌హాగెన్

ఉద్యోగ విరమణ అయ్యింది. పిల్లలు స్థిరపడ్డారు. మనవలు ముద్దుమాటలు చెప్పే వయసులో ఉన్నారు. సరిగ్గా అప్పుడే ఇంటికి తాళం వేసి, సొంత డబ్బుతో, పరాయి దేశానికి మతసేవకు బయల్దేరుతారు కొందరు అమెరికన్ దంపతులు. డెన్మార్క్ రాజధానిలో వాళ్ళ పని, వాళ్ళ సెలవు రోజు, వాళ్ళు కాలినడకన చూసే ఊరు... ఇదీ ఈ వారం ముఖచిత్ర కథనం.

కోపెన్‌హాగెన్ మెట్రో రైలుకు డ్రైవరు ఉండడు. ముందు పెట్టెలో మొదటి సీటు దొరికితే అద్దంలోంచి సొరంగమంతా కనిపిస్తుంది. ఆ సీటు కోసం చిన్నపిల్లలు పోటీపడతారు. పిల్లలు లేనప్పుడు పెద్దవాళ్ళూ అంతే ఇష్టంగా కూర్చుంటారు. అలా కూర్చున్నవాళ్ళలో తల నెరిసిన దంపతులు కనిపించి, ఇద్దరి ఛాతీ మీదా నల్లటి చిన్న పేరుపలక ఉంటే ఒకసారి దాన్ని చదవండి. ఇంటిపేరుకు ముందు ఆయనకి 'ఎల్డర్' అన్న హోదా, ఆవిడకి 'సిస్టర్' అన్న హోదా ఉంటాయి. కింద సంఘం పేరు ఉంటుంది. తెలుగులో ఆ సంఘం తనను తాను 'యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము' అని పిలుచుకుంటుంది. లోకం వాడుకలో మోర్మన్లు.

1830లో న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ మొదలుపెట్టిన సంఘం ఇది. కేంద్రం ఉటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీ. ప్రపంచమంతా కలిపి సభ్యులు కోటీ డెబ్భై లక్షల పైమాటే. తెల్లచొక్కా, టైతో ఇద్దరిద్దరుగా తిరిగే 18, 19 ఏళ్ళ కుర్రాళ్ళే ఈ సంఘం ప్రచారకులుగా అందరికీ తెలుసు. వాళ్ళ తాతల ఈడువాళ్ళు కూడా అదే పేరుపలక పెట్టుకుని సముద్రాలు దాటి వెళ్తారన్న సంగతి తెలిసినవాళ్ళు తక్కువ.

ఖర్చు ఎవరిది?

ఎవరూ జీతం ఇవ్వరు. ఇంటి అద్దె, తిండి, ఆరోగ్య బీమా అన్నీ సొంత జేబులోంచే. పెన్షన్, దాచుకున్న డబ్బు, ఒక్కోసారి పిల్లలు వేసే చేయి. అద్దెలు మండిపోయే నగరాల్లో జంటలకు భారం మరీ ఎక్కువ కాకుండా 2011 నుంచి ఇంటి ఖర్చుకు సంఘం ఒక గరిష్ఠ పరిమితి పెట్టింది. ఆపైన అయ్యేది సంఘం భరిస్తుంది. కోపెన్‌హాగెన్ లాంటి ఖరీదైన ఊరికి ఇది పెద్ద ఊరటే. సేవాకాలాన్ని కూడా జంటే ఎంచుకోవచ్చు. ఆరు నెలలు కావచ్చు, ఏడాది కావచ్చు, ఏడాదిన్నర కావచ్చు, 23 నెలలు కావచ్చు. ఫలానా దేశం అయితే బాగుంటుందని చెప్పుకోవచ్చు కానీ తుది మాట సంఘానిదే. సాల్ట్ లేక్ సిటీ నుంచి పిలుపు వస్తుంది. ఆ రోజున పిల్లలూ మనవలూ చుట్టూ చేరి ఉండగా దాన్ని తెరిచి చదవడం ఆ ఇళ్ళలో ఒక పండుగ.

ఆ తర్వాత ఉటాలోని ప్రోవోలో కొద్దిరోజుల శిక్షణ. కుర్రాళ్ళకు ఉన్నంత కఠిన నియమాలు పెద్దవాళ్ళకు లేవు. గుమ్మం గుమ్మం తిరిగి తలుపు తట్టనక్కర్లేదు. ఇంటికి ఎప్పుడు కావాలంటే అప్పుడు ఫోను చేసుకోవచ్చు. కొందరిది మిషన్ ఆఫీసులో పని. డెన్మార్క్ మిషన్ కిందికి ఐస్‌లాండ్ కూడా వస్తుంది కాబట్టి ఆ ఆఫీసుకు పని తక్కువేమీ కాదు. కుర్రాళ్ళకు ఫ్లాట్లు చూడటం, అద్దె ఒప్పందాలు, నివాస అనుమతుల కాగితాలు, కార్ల మరమ్మతులు, ఉత్తరాలు. మధ్యమధ్యలో ఆ ఫ్లాట్లకు వెళ్ళి శుభ్రంగా ఉంచుతున్నారో లేదో చూడటం. ఫ్రిజ్ తెరిచి చూస్తారు. స్నానాలగది చూస్తారు. పొగ పసిగట్టే అలారం బ్యాటరీ పనిచేస్తోందో లేదో నొక్కి చూస్తారు. ఇంటి బెంగతో ముఖం వేలాడేసుకున్న కుర్రాణ్ణి భోజనానికి పిలుస్తారు. బయటివాళ్ళకు ఇది మతప్రచారంలా అనిపించకపోవచ్చు. ఆ కుర్రాడి తల్లిని అడిగితే అసలు సేవ ఇదే అంటుంది.

ఇంకొందరిది ఫ్రెడరిక్స్‌బర్గ్‌లోని దేవాలయంలో పని. మోర్మన్లకు ప్రార్థనా మందిరం వేరు, దేవాలయం వేరు. మందిరానికి ఎవరైనా వెళ్ళొచ్చు. దేవాలయంలోకి మాత్రం అర్హత పత్రం ఉన్న సభ్యులకే ప్రవేశం. కోపెన్‌హాగెన్ దేవాలయానిది చిత్రమైన చరిత్ర. 1931లో ప్రార్థనా మందిరంగా కట్టారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో బాంబుల నుంచి తలదాచుకునే చోటయ్యింది. తర్వాత లోపలంతా మార్చి కట్టి 2004 మే 23న దేవాలయంగా ప్రతిష్ఠించారు. ముందున్న స్తంభాలు, ఎర్ర ఇటుక గోడలు చూస్తే ఆ వీధిలో ఏ పాత గ్రంథాలయమో అనుకుంటాం.

తాతముత్తాతల ఊరు

ఈ జంటలను మామూలు మతప్రచారకుల లెక్కలో వేయలేకపోవడానికి కారణం ఒకటుంది. ఉటా నుంచి డెన్మార్క్ వచ్చేవాళ్ళలో చాలామంది ఒంట్లో ఉన్నది డేనిష్ నెత్తురే.

1849 జూన్ 5న డెన్మార్క్ రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. రాజు చేతుల్లోంచి అధికారం ప్రజల వైపు మళ్ళడమే కాదు, నచ్చిన మతాన్ని అనుసరించే స్వేచ్ఛా వచ్చింది. ఏడాది దాటగానే, 1850 జూన్ 14న, ఎరాస్టస్ స్నో అనే మోర్మన్ నాయకుడు కోపెన్‌హాగెన్‌లో దిగాడు. అతనికంటే కొంచెం ముందే వచ్చినవాడు పీటర్ హాన్సెన్. ఇతను ఈ ఊళ్ళోనే పుట్టి అమెరికా వెళ్ళి మోర్మన్ అయినవాడు. ఆ ఆగస్టు 12న ఓరెసుండ్ జలసంధి నీళ్ళలో పదిహేను మందికి బాప్తిస్మం ఇచ్చారు. మరుసటి ఏడాది, వాళ్ళ పవిత్ర పుస్తకమైన మోర్మన్ గ్రంథం డేనిష్‌లో అచ్చయ్యింది. ఇంగ్లిషు కాకుండా మరో భాషలో ఆ గ్రంథం వెలువడటం అదే మొదటిసారి. అనువాదంలో ప్రధాన శ్రమ హాన్సెన్‌దే.

వీధుల్లో రాళ్ళు పడ్డాయి, సభలు చెదరగొట్టారు. తత్త్వవేత్త సోరెన్ కీర్కెగార్డ్ అన్న పీటర్ క్రిస్టియన్ లూథరన్ మతాధికారి. ఆయన 1850లలో మోర్మన్లతో స్వయంగా వాదానికి దిగాడు. అయినా చేరేవాళ్ళు చేరుతూనే ఉన్నారు. కూలి రైతులు, వడ్రంగులు, కుట్టుపనివాళ్ళు, పాలేళ్ళు. చేరినవాళ్ళకు సంఘం చెప్పింది ఒకటే: ఉటాకు రండి. 1852 డిసెంబరులో కోపెన్‌హాగెన్ రేవు నుంచి మూడు వందల మందికి దగ్గరగా ఉన్న మొదటి పెద్ద గుంపు కదిలింది. జర్మనీ మీదుగా ఇంగ్లండు, లివర్‌పూల్‌లో 'ఫారెస్ట్ మోనార్క్' ఓడ ఎక్కి న్యూ ఆర్లియన్స్, అక్కడి నుంచి నది మీద పడవలు, ఆ తర్వాత ఎడ్లబండ్లు. 1853 సెప్టెంబరు చివరికి గానీ సాల్ట్ లేక్ లోయ చేరలేదు. ఆ శతాబ్దం చివరికి స్కాండినేవియా నుంచి అలా వెళ్ళినవాళ్ళు సుమారు 30 వేలు. సగానికి పైగా డేన్లే. ఉటాలోని ఎఫ్రయిమ్ అనే చిన్న ఊరికి 'లిటిల్ డెన్మార్క్' అన్న పేరు ఊరికే రాలేదు.

ఆ వలసలో వెళ్ళినవాళ్ళలో కార్ల్ క్రిస్టియన్ ఆంటన్ క్రిస్టెన్సెన్ గురించి చెప్పుకోవాలి. కోపెన్‌హాగెన్‌లో పుట్టి, ఇక్కడి రాయల్ అకాడమీలో చిత్రకళ నేర్చుకున్నాడు. 1857లో చేతిబండి లాక్కుంటూ మైదానాలు దాటి ఉటా చేరాడు. తర్వాత మోర్మన్ల కష్టాల చరిత్రను పెద్ద పెద్ద గుడ్డల మీద బొమ్మలుగా గీసి, ఒకదానికొకటి కుట్టి, చుట్టగా చుట్టి, ఊరూరా తీసుకెళ్ళి విప్పి చూపిస్తూ కథ చెప్పేవాడు. మన చేర్యాల నకాషీ పటం పట్టుకుని కులపురాణం చెప్పినవాళ్ళు ఎవరైనా ఆ బొమ్మలు చూస్తే తమ వృత్తిని వెంటనే గుర్తుపడతారు.

అలా వెళ్ళిన కుటుంబాల మునిమనవలూ మునిమనవరాళ్ళూ ఇప్పుడు అరవై దాటి, విమానం ఎక్కి, కోపెన్‌హాగెన్‌లో దిగుతున్నారు. వంశవృక్షం వీళ్ళకు మతధర్మం. చనిపోయిన పూర్వీకుల తరఫున బతికున్నవాళ్ళు బాప్తిస్మం తీసుకోవచ్చన్నది వాళ్ళ నమ్మకం. దానికోసం పేరు, పుట్టిన చోటు, తేదీ కావాలి. అందుకే డెన్మార్క్ చర్చి రిజిస్టర్లను వాళ్ళు వెతికినంత శ్రద్ధగా వెతికేవాళ్ళు తక్కువ. అదేమంత తేలిక కూడా కాదు. పల్లెల్లో పందొమ్మిదో శతాబ్దం దాకా స్థిరమైన ఇంటిపేరు ఉండేది కాదు. యెన్స్ కొడుకు పీటర్ అయితే అతను పీటర్ యెన్సెన్. పీటర్ కొడుకు హాన్స్ అయితే అతను హాన్స్ పీటర్సెన్. తరానికో ఇంటిపేరు. ఒక్క మెట్టు తప్పితే వేరేవాళ్ళ తాతను మన తాత అనుకుంటాం. సాయంత్రం పూట వంటగది బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని, పాత గోతిక్ రాతను కళ్ళు చికిలించి చదువుతూ, ఆవిడ చెప్తుంటే ఆయన రాసుకోవడం ఈ జంటల ఇళ్ళలో మామూలు దృశ్యం.

సోమవారం

మిషనరీలకు వారంలో ఒక సెలవు రోజు ఉంటుంది. మామూలుగా సోమవారం. 'ప్రిపరేషన్ డే' అంటారు. బట్టలు ఉతుక్కోవడానికి, సరుకులు తెచ్చుకోవడానికి, ఊరు చూడటానికి. సోమవారం దేవాలయానికి కూడా సెలవే. చిక్కేమిటంటే కోపెన్‌హాగెన్‌లో చాలా మ్యూజియంలు సోమవారం మూసేస్తారు. దాంతో ఆ రోజు మిగిలేవి వీధులు, చర్చిలు, తోటలు, సముద్రపు ఒడ్డు. నా దృష్టిలో అది నష్టం కాదు. ఊరంటే అద్దాల పెట్టెల్లో ఉండేది కాదు కదా.

మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఎక్కగల గోపురం ఈ ఊళ్ళో ఒకటుంది. రాజు నాలుగో క్రిస్టియన్ కట్టించిన రౌండ్ టవర్, 1642లో పూర్తయ్యింది. దీనికి మెట్లు లేవు. ఇటుకలు పరిచిన వాలుదారి ఏడున్నర చుట్లు తిరుగుతూ పైకి వెళ్తుంది. దారి పొడవు 209 మీటర్లు, గోపురం ఎత్తు 35 మీటర్లకు కాస్త తక్కువ. బరువైన పుస్తకాలనూ పరికరాలనూ పైకి చేర్చడానికి ఆ వాలు పనికొచ్చింది. సగం దారిలో ఒకప్పుడు విశ్వవిద్యాలయ గ్రంథాలయం ఉండేది, పైన వేధశాల. 1716లో రష్యా చక్రవర్తి పీటర్ గుర్రం మీద పైదాకా వెళ్ళాడని చెప్తారు. గోడలకు తెల్లసున్నం, లోతైన కిటికీలు. ప్రతి కిటికీ దగ్గరా ఒక అరుగులాంటి చోటు. ఆయన ముందు, ఆవిడ వెనక. కిటికీ కిటికీకీ ఆగి, ఊపిరి తీసుకుని, కింద వీధి ఎంత దిగిపోయిందో చూసుకుని మళ్ళీ నడక. ఆఖర్న మాత్రం సన్నటి మెట్లు కొన్ని తప్పవు. పైకి చేరితే ఎర్రపెంకు కప్పులు, పచ్చబారిన రాగి శిఖరాలు, ఆకాశం తేటగా ఉంటే స్వీడన్‌కు వెళ్ళే వంతెన. దూరంగా క్రిస్టియన్స్‌హాన్‌లో మరో శిఖరం కనిపిస్తుంది, బయటి నుంచి మెట్లు మెలితిరుగుతూ ఎక్కేది. దానికి 400 మెట్లు. దాన్ని కుర్రాళ్ళకు వదిలేయడమే మంచిది.

రౌండ్ టవర్ నుంచి పదినిమిషాల నడకలో అవర్ లేడీ చర్చి. డేన్లు 'వోర్ ఫ్రూ కిర్కే' అంటారు. 1807లో బ్రిటిష్ బలగాలు వేసిన బాంబులకు పాత చర్చి కాలిపోయింది. కొత్తదాన్ని వాస్తుశిల్పి సి.ఎఫ్. హాన్సెన్ కట్టాడు. లోపల రంగుటద్దాలు లేవు, బంగారు పూతల ఆర్భాటం లేదు. రెండు పక్కలా పన్నెండుమంది అపొస్తలులు, యూదాకు బదులు పౌలు. ఎదురుగా, బలిపీఠం వెనక, పాలరాతి క్రీస్తు. బెర్టెల్ థోర్వాల్డ్‌సెన్ చెక్కిన ఆ విగ్రహం ఎత్తు 3.45 మీటర్లు. రెండు చేతులూ కిందికి చాచి ఉంటాయి, అరచేతుల్లో మేకుల గుర్తులు. తల కొద్దిగా వంగి ఉంటుంది. వెనక బెంచీలో కూర్చుంటే నుదురూ జుట్టే కనిపిస్తాయి. దగ్గరికి వెళ్ళి, కింద నిలబడి తలెత్తితేనే కళ్ళు కనిపిస్తాయి.

ఉటా జంటలకు ఈ విగ్రహం చిన్నప్పటి నుంచీ తెలుసు. దీని నకలు సాల్ట్ లేక్ సిటీ టెంపుల్ స్క్వేర్‌లో 1960ల నుంచి దశాబ్దాల పాటు ఉండేది. ఇతర దేశాల్లోని వాళ్ళ సందర్శక కేంద్రాల్లోనూ నకళ్ళు ఉన్నాయి. 2020 ఏప్రిల్‌లో సంఘం తన అధికారిక చిహ్నంలోకి ఈ రూపాన్నే తీసుకుంది. మోర్మన్లు సిలువను గుర్తుగా వాడరు. బతికి లేచిన క్రీస్తు రూపం వాళ్ళకు కావాల్సి వచ్చింది, అది ఒక లూథరన్ చర్చిలో, ఒక డేనిష్ శిల్పి చేతిలో దొరికింది. మతాల మధ్య ఇలాంటి ఇచ్చిపుచ్చుకోవడాలు బోధనల్లో కంటే బొమ్మల్లో, పాటల్లో, వంటల్లో ఎక్కువ జరుగుతాయని నా నమ్మకం. జీవితమంతా నకలు చూసినవాళ్ళు అసలుదాని ముందు నిలబడి, పక్కన లూథరన్ ముసలమ్మ కొవ్వొత్తి వెలిగిస్తుంటే, తామూ తలవంచడం చిన్న విషయం కాదు. అక్కడ ఎవరూ ఎవరినీ మార్చడం లేదు.

మధ్యాహ్నానికి బేకరీ. డేన్లు కాఫీ విపరీతంగా తాగుతారు, కార్ల్స్‌బర్గ్ బీరు పుట్టింది ఈ ఊళ్ళోనే. మోర్మన్లకు 1833 నాటి నియమం ప్రకారం కాఫీ, టీ, మద్యం, పొగాకు నాలుగూ నిషిద్ధం. అందుకని దాల్చినచెక్క చుట్ట, వేడి చాక్లెట్. రై పిండితో చేసిన నల్లటి రొట్టె మీద వెన్న, దాని మీద చేప ముక్కో ఉడికించిన గుడ్డో పెట్టిన స్మోర్‌బ్రోడ్. మొదట్లో ఆ నల్లరొట్టె గొంతు దిగదు. కొన్ని వారాలకు తెల్లరొట్టె చప్పగా అనిపించడం మొదలవుతుంది.

లిటిల్ మెర్మెయిడ్ దగ్గర ఎప్పుడూ జనమే. 1913లో పెట్టిన ఆ మత్స్యకన్య బొమ్మ ఎత్తు మీటరుంపావు. ఇంతేనా అని నిట్టూర్చేవాళ్ళు ఎక్కువ. అదే లాంగెలినీ తీరంలో మరో ఆడపిల్ల కంచు విగ్రహం ఉంది. పేరు క్రిస్టినా. ఉటా శిల్పి డెనిస్ స్మిత్ చేశారు, 2000లో పెట్టారు. గాలికి ఎదురుగా, సముద్రం వైపు చూస్తూ నిలబడిన వలస పిల్ల. ఓడెక్కి ఉటా వెళ్ళిన వేలమందికి ఆమె గుర్తు. టూరిస్టు బస్సులు అక్కడ ఆగవు. ఉటా జంటలు మాత్రం ఆగుతారు. పిల్లలకు పంపే ఫొటోల్లో మత్స్యకన్య లేకపోయినా క్రిస్టినా ఉంటుంది.

ఇలాంటి రోజుల్లో నాకు అన్నిటికంటే నచ్చే మజిలీ అసిస్టెన్స్ శ్మశానం. నోరెబ్రో పేటలో, పసుపు గోడ వెనక. కథల రచయిత హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్, కీర్కెగార్డ్, అణుశాస్త్రవేత్త నీల్స్ బోర్ అందరూ అక్కడే. వేసవిలో డేన్లు ఆ సమాధుల మధ్య పచ్చిక మీద దుప్పటి పరుచుకుని పుస్తకం చదువుకుంటారు, పసిపిల్లలను పడుకోబెడతారు. శ్మశానమంటే ముఖం తిప్పుకునే మనకు మింగుడుపడని అలవాటు. చావు మీద ఇంత నమ్మకం, ఇన్ని పనులు పెట్టుకున్న మోర్మన్ దంపతులు మాత్రం ఆ తోటలో చాలాసేపు ఉండిపోతారు.

శీతాకాలం వేరే కథ. డిసెంబరులో నాలుగు కాకముందే చీకటి. పగలు ఏడు గంటలు, అదీ మబ్బుల్లో. ఉటాలో మంచు ఎంత పడినా ఎండ కాస్తుంది. ఇక్కడ తడి గాలి, జారే రాళ్ళ బాట. ఆ నెలల్లో మనవల మీద బెంగ ఎక్కువవుతుంది. డేన్లు కిటికీల్లో కొవ్వొత్తులు వెలిగిస్తారు. వీళ్ళూ అదే నేర్చుకుంటారు.

ఈ రేవుతో మనకూ బంధం

కోపెన్‌హాగెన్ రేవుకూ తెలుగుకూ సంబంధం ఉందంటే నమ్మరు. 1705 నవంబరు చివర్లో ఇద్దరు యువ జర్మన్ ప్రచారకులు, సీగెన్‌బాల్గ్, ప్లూట్‌షౌ, డెన్మార్క్ రాజు పంపగా ఇక్కడి నుంచి ఓడెక్కి 1706 జులైలో తమిళ తీరంలోని తరంగంబాడిలో దిగారు. అది అప్పుడు డేనిష్ వలస, 1845లో బ్రిటిష్‌వాళ్ళకు అమ్మేదాకా వాళ్ళదే. ఆ మిషన్‌లోకే 1719లో వచ్చాడు బెంజమిన్ షుల్జ్. తర్వాత మద్రాసుకు మారాడు. తెలుగు నేర్చుకుని, వ్యాకరణం రాసి, బైబిలును తెలుగు చేశాడు. దాన్ని అచ్చు వేయడం కుదరలేదు. జర్మనీకి తిరిగి వెళ్ళాక 1746, 47లలో హాలె పట్టణంలో చిన్న తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలు అవే. ఆ మిషన్‌ను నడిపిన మండలి కూర్చున్నది కోపెన్‌హాగెన్‌లో. క్రిస్టియన్స్‌హాన్‌లో 'ఏషియాటిక్ ప్లాజా' అనే చోట ఏషియాటిక్ కంపెనీ గిడ్డంగులు ఇప్పటికీ ఉన్నాయి. మన తీరాల నుంచి వచ్చిన మిరియాలు, బట్టలు దిగిన ఒడ్డు అది. ఆ నీళ్ళ పక్కన నడిచే తెలుగువాడెవరైనా ఒక నిమిషం ఆగాలి.

మోర్మన్ల వైపు నుంచీ ఒక తెలుగు జంట ఉంది. హైదరాబాద్‌కు చెందిన ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ ధర్మరాజు ఉద్యోగరీత్యా శామోవా దీవుల్లో ఉండగా ఈ సంఘంలో చేరారు. 1978 డిసెంబరులో స్వల్పకాల మిషనరీలుగా హైదరాబాద్ వచ్చారు. బంధువుల్లో పలువురు వాళ్ళ ద్వారా బాప్తిస్మం తీసుకున్నారు. ఎల్సీ తండ్రి బాప్టిస్ట్ పాస్టరు. మోర్మన్ గ్రంథాన్ని తెలుగు చేసే పని ఆయన చేతికి వచ్చింది. 2012లో భారతదేశంలో ఈ సంఘం తొలి 'స్టేక్', అంటే అనేక స్థానిక సంఘాల కూటమి, ఏర్పడింది హైదరాబాద్‌లోనే. పరాయి దేశానికి వెళ్ళడం ఉటా జంటల కథ అయితే, సొంత ఊరికి పరాయి మతంతో తిరిగి రావడం ఈ జంట కథ. ఏది కష్టమో చెప్పలేను.

నా మాట

మతం మార్చడానికి బయల్దేరే ఏ బృందాన్నైనా నేను ప్రశ్నతోనే చూస్తాను. మా దారి ఒక్కటే సంపూర్ణం అనే మాట ఎవరు అన్నా నాకు ఒప్పుదల కాదు. ఈ సంఘం గతంలోనూ మరకలున్నాయి. 1890 దాకా బహుభార్యాత్వాన్ని సమర్థించింది. 1978 దాకా నల్లజాతి పురుషులకు యాజకత్వం ఇవ్వలేదు. డెన్మార్క్‌లో వాళ్ళపై అనుమానం ఎంత పాకిందంటే, 1911లో నోర్డిస్క్ కంపెనీ 'మోర్మన్ల బలిపశువు' కథతో, డేనిష్ అమ్మాయిని ఉటాకు ఎత్తుకెళ్ళే ప్రచారకుడి మీద సినిమా తీస్తే దేశదేశాల్లో ఆడింది. ఈనాటికీ డెన్మార్క్‌లో ఈ సంఘం సభ్యులు నాలుగువేల పైచిలుకే. డేన్లలో నూటికి డెబ్భై మంది దాకా జాతీయ చర్చి పుస్తకాల్లో ఉన్నారు. ఆదివారం చర్చికి వెళ్ళేది అతి కొద్దిమంది. మతం గురించి వాళ్ళు రోడ్డు మీద మాట్లాడరు. అంకెల్లో చూస్తే ఉటా దంపతుల శ్రమకు ఫలితం దాదాపు లేదు.

అయినా ఆ దంపతుల మీద నాకు గౌరవం ఉంది. కారణం మతం కాదు. అరవై ఐదేళ్ళ వయసులో వాళ్ళు కొత్త బస్సు నంబర్లు నేర్చుకుంటున్నారు. నోట్లోనే సగం మింగేసే భాషలో ధన్యవాదాలు చెప్పడం నేర్చుకుంటున్నారు. ఎవరి పిల్లలకో వండి పెడుతున్నారు. వాళ్ళకు ఆ ఊళ్ళో పని ఉంది, వారానికి ఒక ఖాళీ రోజుంది. ఈ రెండూ ఉన్నవాళ్ళకు పరాయి ఊరు త్వరగా పరిచయమవుతుంది. మూడు రోజుల టూరిస్టుకు ఊరు దొరకదు.

ఇక్కడే మన పెద్దవాళ్ళు గుర్తొస్తారు. డాలస్‌లోనో, లండన్‌లోనో, కోపెన్‌హాగెన్‌లోనో ఉన్న పిల్లల దగ్గరికి తెలుగు తల్లిదండ్రులు వేలల్లో వెళ్తున్నారు. నెలల తరబడి ఉంటున్నారు. తిరిగొచ్చాక ఏం చూశారంటే మనవడి డైపర్లు, టీవీలో తెలుగు చానల్, శనివారం మాల్. పిల్లలు ప్రేమగా చూడలేదని కాదు. పొద్దున పోయి రాత్రి వచ్చే పిల్లలకు వాళ్ళను తిప్పే తీరిక లేదు. వాళ్ళంతట వాళ్ళు వెళ్ళడానికి దారి ఎవరూ చూపించలేదు. జిల్లా కోర్టులో వాదించిన ఆయన, ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన ఆవిడ, పరదేశంలో తలుపు తీసి బయటికి వెళ్ళడానికి కొడుకు అనుమతి కోసం ఎదురుచూస్తున్నారు. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది.

విదేశాల్లో ఉన్న తెలుగు కొడుకులకు, కూతుళ్ళకు ఒక విన్నపం. అమ్మానాన్నలు వచ్చిన మొదటి వారంలోనే వాళ్ళ పేరు మీద బస్సు, మెట్రో కార్డు తీయించండి. చాలా నగరాల్లో పెద్దవాళ్ళకు టికెట్‌లో రాయితీ ఉంటుంది, అడగండి. ఇంటి అడ్రసు, మీ ఫోను నంబరు కాగితం మీద రాసి జేబులో పెట్టండి. మొదటిసారి మీరు వెంట వెళ్ళండి, రెండోసారి పంపండి. దగ్గర్లోని గుళ్ళో, గ్రంథాలయంలో, తెలుగు బడిలో వారానికి రెండు పూటలు చేసే పని ఏదైనా చూడండి. జీతం వచ్చే పని కాకుండా, వీసా నియమాలకు లోబడే సేవ అయి ఉండాలి. వారంలో ఒక రోజు మనవల బాధ్యత నుంచి వాళ్ళకు సెలవివ్వండి. మీది కోపెన్‌హాగెన్ అయితే అవర్ లేడీ చర్చికి టికెట్ లేదు. నోరెపోర్ట్ స్టేషన్‌లో దిగితే నడక దూరమే.